కుడితి తొట్టి వర్గీకరణ

మా ముంజులగరువులో వస్తువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బతుకుతున్నాయన్న సంగతి పై అధికారుల దృష్టికి చాలా ఆలస్యంగా వెళ్ళింది. అంతవరకూ మేము మజ్జిగలో ఉప్పు, సున్నంలో నీలిమందు, పాలల్లో నీళ్ళు కలుపుకుంటూ ఎవరి అనుమతీ లేకుండా కాలక్షేపం చేశాం. అది తప్పని కాదు గాని, అదొక విషయమని కూడా మాకు తెలీదు.

సంగతి బయటపడింది ఒక పరీక్ష వల్ల. ఆ యేడు జిల్లాలో బళ్ళన్నిటికీ 'పదార్థాల వర్గీకరణ' మీద పరీక్ష పెట్టారు. మూలకానికి ఉదాహరణ రాయమంటే మా మండలం పిల్లలు సగంమంది 'పప్పుచారు' అని రాశారు. సంయోగ పదార్థానికి రాయమంటే మిగతా సగంమంది 'పప్పుచారు' అని రాశారు. మిశ్రమానికి ఉదాహరణ రాయమన్న చోట మాత్రం అందరూ ఖాళీ వదిలేశారు. అప్పటికే పప్పుచారు అయిపోయింది మరి.

దీని మీద జిల్లా కేంద్రంలో పెద్ద సమావేశం జరిగింది. తప్పు మాస్టర్లది కాదనీ, పుస్తకాలది కాదనీ, పిల్లలది అసలే కాదనీ తేల్చారు. తప్పంతా వాతావరణానిది. "ఈ పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ కలిసినవే చూస్తున్నారు. విడిగా ఉన్నదేదీ వీళ్ళ కంటపడలేదు. పదార్థాలే విడివిడిగా కనపడనప్పుడు వాటి పేర్లు మాత్రం విడివిడిగా ఎలా గుర్తుంటాయి?" అని ఒక పెద్దాయన అడిగాడు. బిస్కెట్లు టీలో ముంచుకుంటూ అందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు.

అలా పుట్టింది పదార్థ పరిజ్ఞాన పక్షోత్సవం. ఎంపిక చేసిన గ్రామంలో ఆ పక్షం రోజులూ ఏదీ దేంట్లోనూ కలపకూడదు. ముందే కలిసిపోయి ఉన్నవాటిని విడదీసి, వేటికవి వేరే గిన్నెల్లో పెట్టి, చీటీలు అంటించాలి. మూలకానికి పసుపు చీటీ, సంయోగ పదార్థానికి నీలం చీటీ, సజాతీయ మిశ్రమానికి ఆకుపచ్చ, విజాతీయ మిశ్రమానికి ఎరుపు. ఎర్ర చీటీ పడ్డదాన్ని వెంటనే విడగొట్టాలి. ప్రజలు వచ్చేపోయే దారిలో ఇవన్నీ చూసి పదజాలం నేర్చేసుకుంటారు. ఎంపిక చేసిన గ్రామం మాది. మెయిన్ రోడ్డు పక్కన ఉండడం వల్ల కారు ఇంటి గుమ్మం దాకా వస్తుందని మమ్మల్ని ఎంపిక చేశారట.

దీని అమలుకు పరాంకుశంగారని ఒక ప్రత్యేకాధికారిని వేశారు. సన్నగా, పొడుగ్గా, ఎండిన ములక్కాడలా ఉండేవారు. అంతకుముందు ఆయన ఏ శాఖలో చేశారో ఎవరికీ తెలీదు. ఏ శాఖని అడిగినా మా దగ్గర చెయ్యలేదనే ఒట్టేసి చెప్పింది.

మొదటిరోజు గ్రామసభ పెట్టారు.

"పదార్థమనగా నేమి?" అని అడిగి, ఎవరన్నా జవాబు చెప్పే ప్రమాదం రాకముందే పరాంకుశంగారే చెప్పేశారు. "ద్రవ్యరాశి కలిగి, స్థలమును ఆక్రమించునది పదార్థము."

సర్పంచి దొరయ్య ఠక్కున లేచాడు. "ఆయ్, అర్థమైపోయిందండి. అయితే మా పెదనాన్నగారబ్బాయి కూడా పదార్థమేనండి. పుంతరోడ్డు సగం ఆక్రమించేశాడు. ఆడికీ ఓ చీటీ అంటించండి."

"నువ్వేం తక్కువ పదార్థానివేట్రా?" అని వెనక నుంచి ఆ పెదనాన్నగారబ్బాయి కేకేశాడు. "పంచాయితీ అరుగంతా నీ వడ్ల బస్తాలేగా!"

"తమరిద్దరూ నిస్సందేహముగా పదార్థములే" అని పరాంకుశంగారు తీర్పు చెప్పి ముందుకు సాగారు. "ఇక మూలకము. ఎంత ప్రయత్నించిననూ ఇంకా సరళమైన పదార్థములుగా విడగొట్టశక్యము కానిది మూలకము. ఉదాహరణ ఎవరైనా చెప్పగలరా?"

పేరంటాలు చెయ్యెత్తింది. మా వీధి చివర ఇల్లు ఆమెది. ఆ ఇంటికి ఆధారం రంభ అనే గేదె. ఆ గేదె పాలు పోసే పేరంటాలు సంసారం నడుపుతుంది. ఆమె మొగుడు అబ్బులు ఆ పాలతో కాచిన టీ తాగి, మంచం మీద పడుకుని, దేశం ఎటుపోతోందని బాధపడుతుంటాడు.

"మా ఆయనండి" అంది పేరంటాలు. "పెళ్ళైన కాణ్ణించీ ప్రయత్నిత్తన్నాను, మంచం నుంచి విడగొట్టలేకపోయాను."

సభ గొల్లుమంది. పరాంకుశంగారు నవ్వలేదు. ఆలోచించారు.

"కాదమ్మా. మంచము, భర్త కలిసి మిశ్రమము. మిశ్రమమును భౌతిక పద్ధతులలో వేరుచేయవచ్చును."

"ఏ పద్ధతో చెప్పండి బాబూ, ఇంటికెళ్ళగానే చేసేత్తాను."

"ఊరుకోవే" అన్నాడు అబ్బులు. సభకి కూడా మడతమంచం తెచ్చుకున్నాడతను.

మర్నాడు పొద్దున్నే పంచాయితీ కార్యదర్శి భానోజీ నాలుగు రంగుల చీటీల కట్టలు, జిగురు డబ్బా పట్టుకుని వీధుల్లో పడ్డాడు. భానోజీ మంచివాడు. పైనుంచి ఏ కాగితం వచ్చినా ముందు అమలు చేసి తర్వాత చదివేవాడు.

నీలం చీటీలు ఉప్పుకి, పంచదారకి అంటించడంతో కొన్ని ఖర్చయ్యాయి. పసుపు చీటీలతోనే చిక్కొచ్చింది. ఊళ్ళో మూలకం దొరకదే! బంగారం మూలకమని పుస్తకంలో ఉంది కదా అని ఆడవాళ్ళ మెళ్ళో నానులకీ, చేతి గాజులకీ పసుపు చీటీలు అంటించడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు సంతోషంగానే అంటించుకున్నారు. ఈలోగా పరాంకుశంగారు వచ్చి, నగలు చేసే బంగారంలో రాగి కలుస్తుంది కాబట్టి అది సజాతీయ మిశ్రమమనీ, ఆకుపచ్చ చీటీ వెయ్యాలనీ సవరించారు. ఆ సాయంత్రం ఆకుపచ్చ చీటీ పడ్డ నాను పట్టుకుని కోడళ్ళు అత్తగార్లని నిలదీశారు. రెండు వీధుల్లో పొయ్యి వెలగలేదు. చివరికి ఊరు మొత్తం మీద నిఖార్సైన మూలకం ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ జ్వరం చూసే గొట్టంలోని పాదరసం ఒక్కటే తేలింది. దానికి పసుపు చీటీ అంటిస్తే అంకెలు కప్పబడిపోయాయి. పక్షోత్సవం ఉన్నన్నాళ్ళూ మా ఊళ్ళో ఎవరికీ జ్వరం రాలేదని రికార్డుల్లో ఉంది.

గాలి కూడా మిశ్రమమే. దానికి చీటీ ఎక్కడ అంటించాలో తెలియజేయవలసిందిగా పరాంకుశంగారు జిల్లాకి రాశారు. జవాబు వచ్చేవరకూ పీల్చుకోవచ్చని ఊరికి నోటిమాటగా అనుమతిచ్చారు.

పోతురాజు టీకొట్లో ఒక టీ అడిగితే నాలుగు గ్లాసులు వచ్చేవి. ఒకదాంట్లో వేణ్ణీళ్ళు, ఒకదాంట్లో పాలు, ఒకదాంట్లో తేయాకు, ఒకదాంట్లో పంచదార. ఆకు నమిలి, వేణ్ణీళ్ళు తాగి, పాలు పుక్కిలించి, పంచదార చప్పరించాలి. "అల్లం టీ ఉందా?" అని పొరపాట్న అడిగిన పొరుగూరాయనకి అల్లం కొమ్ము చేతికిచ్చారు. బళ్ళో మధ్యాహ్న భోజనంలో పప్పుచారు కూడా విడిపోయింది. పిల్లలకి ఉడికిన కందిపప్పు ఒక పక్క, చింతపండు ఒక పక్క, మిరపకాయ ఒక పక్క వడ్డించారు. పిల్లలు చింతపండు చప్పరించి మిగతావి కాకులకేశారు. కాకులు మాత్రం ఆ పక్షోత్సవాన్ని మనస్ఫూర్తిగా సమర్థించాయి.

ఇదంతా ఊరు ఎలాగో సర్దుకుపోయింది. తలుపులు వేసుకుని పెరట్లో కలుపుకునేవాళ్ళు కలుపుకుంటూనే ఉన్నారు. మా వదినగారు మంచం కింద దూరి పులిహోర కలిపింది. కాని పేరంటాలుకి ఆ వీలు లేకపోయింది. ఆమె గేదె కుడితి తాగే రాతితొట్టి రోడ్డు వారన ఉంది.

మూడోరోజు పొద్దున్న పరాంకుశంగారి కన్ను ఆ తొట్టి మీద పడింది. ఆయన నడుస్తున్నవారు నడుస్తున్నట్టే ఆగిపోయారు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. తొట్టిలోకి వంగి చూశారు. వాసన తగిలి వెనక్కి వచ్చి, మళ్ళీ వంగారు.

"ఇది ఏమిటమ్మా?"

"కుడితండి."

"దీనిలో ఏమేమి గలవు?"

"బియ్యం కడుగునీళ్ళండి, గంజండి, తవుడండి, తెలకపిండండి. నిన్న మాపటి చారండి. బీరకాయ తొక్కలండి. దొరయ్య బావగారింట్లో సత్యనారాయణ వ్రతం జరిగితే అరటిపళ్ళ తొక్కలిచ్చారండి. ఓ గుప్పెడు కల్లుప్పండి. ఇంకా ఏటేటో ఉంటాయండి, వీధిలోవోళ్ళందరూ తెచ్చి పోత్తారు కదా."

పరాంకుశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "భానోజీ! నా ఉద్యోగ జీవితములో ఇంతటి విజాతీయతను ఒకేచోట చూడలేదు. ఇది మిశ్రమము కాదు. మిశ్రమముల మహాసభ. దీనిని విడదీయగలిగిన నాడు ఈ గ్రామము విద్యావంతమైనట్లే. వెంటనే ఎర్ర చీటీ అంటించు!"

ఎర్ర చీటీ తొట్టికి అంటింది. పేరంటాలు నెత్తీ నోరూ కొట్టుకుంటుండగానే పని మొదలైంది. పంచాయితీ సిబ్బంది తొక్కలు ఏరారు. దానికి హస్త వివేచనమని పేరు పెట్టారు. తవుడూ తెలకపిండీ గుడ్డలో వడగట్టారు. పైన తేరిన నీళ్ళు వంచారు. ఆ నీళ్ళు పొయ్యి మీద మరిగించి ఉప్పు బయటికి తీశారు. మధ్యలో ఎక్కణ్ణించో అబ్బులు కట్టుడుపన్ను దొరికింది. మూడు నెలల క్రితం పోయిందది. అబ్బులు మంచం దిగి వచ్చి, కడుక్కుని, పెట్టుకుని, "సైన్సులో ఏదో ఉందే" అన్నాడు.

సాయంత్రానికి కుడితి తొమ్మిది బేసిన్లైంది. తొట్టిని కడిగి, సున్నం వేసి, జాజుతో అంచులు దిద్ది, 'ఆదర్శ తొట్టి' అని రాయించారు. అందులో మళ్ళీ ఎవరూ ఏమీ కలపకుండా పగలొకణ్ణీ, రాత్రొకణ్ణీ కాపలా పెట్టారు.

పాలు పితికే వేళైంది. పేరంటాలు రంభని తీసుకొచ్చి బేసిన్ల ముందు కట్టింది. రంభ మొదటి బేసిన్ వాసన చూసింది. రెండోది చూసింది. తొమ్మిదీ చూసి, పేరంటాలు మొహం చూసింది. పేరంటాలు పొదుగు నిమిరింది, బతిమాలింది, పాట పాడింది. గేదె పాలు పొదుగులోకి దించడాన్ని మా వైపు చేపడం అంటారు. ఎదురుగా తొట్టిలో కుడితి ఉండి, మూతి ముట్టె దాకా ముంచితే తప్ప రంభ చేపదు. అది దాని అలవాటు. మనుషులకి లేవూ అలవాట్లు?

ఆ పూట చుక్క పాలు దిగలేదు. పెరట్లో బకెట్టులో రహస్యంగా కలిపి పెడితే రంభ బకెట్టుని తన్ని అవతల పారేసింది. తన తొట్టి కాదది. మర్నాడు పొద్దునా అంతే. పొదుగు రాయిలా బిగిసింది. పేరంటాలు పైట నోట్లో కుక్కుకుని పంచాయితీ ఆఫీసుకి పరిగెత్తుకొచ్చింది.

"గేదె చేపట్లేదండి బాబూ! ఇట్టా ఇంకో వారమైతే వట్టిపోద్దండి. మళ్ళీ ఈనేదాకా నా ఇంట్లో పాలచుక్క ఉండదు. నా తొట్టిలో నా కుడితి నన్ను పోసుకోనివ్వండి!"

పరాంకుశంగారు శాంతంగా విన్నారు. "కారణము స్పష్టముగానే ఉన్నది. గేదెకు పదజాలము రాదు. అవగాహన లోపము. అవగాహన కల్పించిన ఎడల సహకరించును."

ఆ మధ్యాహ్నం రంభ పాకలో పెద్ద చార్టు వేలాడదీశారు. పూటపూటా భానోజీ దాని ఎదురుగా కుర్చీ వేసుకుని చదివేవాడు.

"మూలకము అనగా ఒకే రకమైన పరమాణువులు గలది. సంయోగ పదార్థము అనగా రెండుగాని అంతకంటే ఎక్కువగాని మూలకములు నిర్దిష్ట నిష్పత్తిలో రసాయనికముగా సంయోగము చెందగా ఏర్పడునది. ఇటు చూడు, అటు కాదు. సజాతీయ మిశ్రమము అనగా అంతటా ఒకే సంఘటనము గలది, ఉదాహరణకు ఉప్పునీరు..."

రంభ తోకతో ఈగల్ని కొట్టుకుంటూ వినేది. 'విజాతీయ' అన్నప్పుడొకసారి అంబా అంది. భానోజీ దాన్ని 'స్పందన లభించినది' అని రాసుకున్నాడు. పక్కనే మంచం మీద ఉన్న అబ్బులుకి మాత్రం రెండోరోజుకే నిర్వచనాలన్నీ నోటికొచ్చేశాయి.

"ఇదిగో, నేను మూలకాన్ని కాదే" అన్నాడు పెళ్ళాంతో. "నేనూ మంచమూ విజాతీయ మిశ్రమం."

"నువ్వు నోరు ముయ్యి. అది తిండి మానేసి నిలబడ్డాది, కనపట్టంలేదా?" అంది పేరంటాలు. ఆమె కూడా అప్పటికి సరిగ్గా తిని చాలాసేపైంది.

ఆ సాయంత్రం దొరయ్య ఆమె వెంట వచ్చాడు. పంచాయితీ ఎన్నికల్లో ఆమె వీధి మొత్తం తనకే వేసిందని అతనికి గుర్తుంది. "అయ్యగారూ, ప్రత్యేక అనుమతి ఇచ్చే వెసులుబాటు ఉందంట కదండీ. ఈవిడకిప్పించండి."

"నిస్సందేహముగా ఉన్నది" అన్నారు పరాంకుశంగారు. "కుడితిలో ఏ పదార్థము ఏ పాళ్ళలో గలదో తెలియజేయవలెను."

"అదెలా చెప్పమంటారండి?" అంది పేరంటాలు. "ఓ రోజు కాకరకాయ కూర మిగుల్తాది. ఓ రోజు ఎవరింట్లోనో చుట్టాలొత్తే గంజి ఎక్కువొత్తాది. ఏది మిగిల్తే అది."

"అనగా నిర్దిష్ట నిష్పత్తి లేదు. నిర్దిష్ట నిష్పత్తి లేనిది మిశ్రమము. పక్షోత్సవములో మిశ్రమమునకు అనుమతి లేదు."

"పోనీ పాళ్ళు ఇన్నని ఖాయం చేసేద్దామండి" అన్నాడు దొరయ్య.

"అప్పుడది సంయోగ పదార్థమగును. సంయోగ పదార్థమునకు అనుమతి అవసరము లేదు. అవసరము లేని అనుమతిని ఇచ్చు అధికారము నాకు లేదు."

దొరయ్య కాసేపు బుర్ర గోక్కున్నాడు. "మరి ఆ అనుమతి ఎవరికిత్తారండి?"

"ఇంతవరకు ఎవరికిని ఇవ్వవలసిన అవసరము కలుగలేదు. నిబంధన అంత చక్కగా రూపొందించబడినది."

పేరంటాలు వెనక్కి తిరిగింది. ఇంటికెళ్ళి రంభ మెడ కావిలించుకుని నిలబడింది. రంభ కూడా మెడ కదపకుండా నిలబడింది. ఆ పూట వీధిలో ఎవరూ రేడియో పెట్టలేదు.

పైకి మాత్రం కబురు వేరే విధంగా వెళ్ళింది. పాలు కూడా మిశ్రమమే కదా! నీళ్ళలో వెన్న, పంచదారలాంటిది, ఇంకా ఏవేవో కలిసి ఉంటాయి. అంచేత పరాంకుశంగారు తన నివేదికలో ఇలా రాశారు: 'ముంజులగరువు గ్రామమునందలి ఒక గేదె, పదార్థ వర్గీకరణ ఆవశ్యకతను గ్రహించి, తన మిశ్రమోత్పత్తిని స్వచ్ఛందముగా నిలిపివేసినది.'

రాజధానిలో ఆ వాక్యం చదివి కదిలిపోయారట. మనుషులకే రాని చైతన్యం గేదెకి వచ్చిందంటే మాటలా? ఎల్లుండే రాష్ట్రస్థాయి పరిశీలకురాలు స్వయంగా వస్తున్నారనీ, గేదెకి సన్మానం ఏర్పాటు చెయ్యాలనీ ఫోనొచ్చింది.

"సన్మానవేటి బాబూ, చావబోతంటే!" అంది పేరంటాలు.

"ఊరుకో పేరంటాలూ, శాలువా కూడా కప్పుతారట" అన్నాడు భానోజీ. ఆ మాట అనేసి, రంభ వంక చూడలేక తల దించుకున్నాడు.

సన్మానం ఆదర్శ తొట్టి దగ్గరే. రోడ్డుకి అడ్డంగా టెంటు వేశారు. ఊళ్ళో విడగొట్టినవన్నీ అక్కడే ప్రదర్శనకి పెట్టమన్నారు. అన్ని బల్లలు లేకపోవడంతో తొట్టి అంచుల మీద రెండు చెక్కలు పరిచి, దుప్పటి కప్పి, దాన్నే బల్ల చేసి, ముందు ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టారు. తవుడు, తెలకపిండి, గంజి, బెల్లం, కందిపప్పు, ఉప్పు, పోతురాజు కొట్లోంచి తెచ్చిన పాలు, పక్క బిందెలో నీళ్ళు, అన్నీ చీటీలతో కొలువుదీరాయి. అంత అందంగా ఆ తొట్టి ఎప్పుడూ లేదు. అడుగున మాత్రం ఖాళీ.

పరిశీలకురాలు కారు దిగి, అందరికీ నమస్కారం పెట్టి, వేదిక మీద కూర్చుంది. మాటకన్నా ముందు గడియారం చూసే మనిషిలా ఉంది. రంభని తీసుకొచ్చి వేదిక ముందు నిలబెట్టారు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మెడలో బంతిపూల దండ వేశారు. రంభ దండ తినేసింది. శాలువా కప్పారు. ఒక అంచు నోటికందితే అదీ నమిలింది.

"గేదెగారు సన్మానమును ఆస్వాదించుచున్నారు" అని మైకులో చెప్పి, పరాంకుశంగారు ఉపన్యాసం మొదలెట్టారు. కాగితాల కట్ట చూస్తే మాకు దడ పుట్టింది. "సృష్ట్యాదిని పదార్థములన్నియు విడివిడిగానే ఉండెడివి. మానవుడు వాటిని కలిపెను. ఆనాటి నుండి అజ్ఞానము ప్రబలెను..."

ఈలోగా గాలి ఇటు తిరిగింది. తవుడు, బెల్లం, గంజి వాసనలు మూడూ కలిసి ఒకేసారి రంభ ముట్టెకి తగిలాయి. గాలికి ఇంకా చీటీ అంటించలేదు కదా! రంభ చెవులు నిక్కబొడుచుకుంది. ఎదురుగా దుప్పటి కింద తన తొట్టి అంచు కనపడింది.

పలుపు ఎవరు పట్టుకున్నారో ఎవరికీ తెలీదు. అబ్బులు పట్టుకున్నాడని కొందరూ, అంటే ఎవరూ పట్టుకోనట్టేనని కొందరూ అంటారు. రంభ రెండంగల్లో రిబ్బను తెంపుకుని వెళ్ళి, చెక్కల కింద తల పెట్టి ఒక్క ఎత్తు ఎత్తింది. పసుపూ నీలం ఆకుపచ్చా ఎరుపూ చీటీలతో సహా ఊరు ఊరంతా తొట్టిలో పడింది. దాని తోక తగిలి బిందెడు నీళ్ళూ అందులోకే ఒలికాయి. "హతవిధీ!" అని పరాంకుశంగారు రెండు చేతులూ ఎత్తారు. చేతుల్లోని ఉపన్యాసం ఎగిరి తొట్టిలో పడింది.

రంభ కళ్ళు మూసుకుని ముట్టె దాకా ముంచింది.

జుర్రుమన్న చప్పుడు మైకులో కూడా వినపడింది. పేరంటాలు జనాన్ని తోసుకుంటూ పరిగెత్తింది. చేతికందిన ఖాళీ బేసిన్ లాక్కుని, శాలువా కప్పుకున్న గేదె పొదుగు కింద గొంతుక్కూచుంది. ఒకసారి నిమిరింది. రెండోసారి నిమరబోతుండగా...

"చేపింది! చేపిందర్రా!" అని అరిచింది. పాలధారలు బేసిన్‌లో టంగుటంగున మోగాయి. వీధిలో ఆడవాళ్ళందరూ కొంగుల్తో కళ్ళొత్తుకున్నారు. దొరయ్య, అతని పెదనాన్నగారబ్బాయి, ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఎగిరారు. భానోజీ అయితే జిగురు డబ్బా అవతల పారేసి చప్పట్లు కొట్టాడు.

పరిశీలకురాలు లేచి తొట్టి దగ్గరికి వచ్చింది. తవుడులో తేలుతున్న ఎర్ర చీటీని చూసింది.

"ఇదేమిటండీ?"

పరాంకుశంగారు ఒక్క క్షణం మాత్రమే తడబడ్డారు. ఇరవై ఏళ్ళ సర్వీసు ఊరికే పోతుందా?

"పునర్మిశ్రమ ప్రదర్శన మేడమ్! ప్రథమ దశలో పదార్థములను వేరుచేయుట. ద్వితీయ దశలో కలుపుట. ద్వితీయ దశకు ప్రారంభోత్సవము ఇప్పుడే జరిగినది. రిబ్బను తమరి కొరకు ఉంచితిమి గాని, లబ్ధిదారు ఆత్రపడినారు."

"ఎక్సలెంట్" అందావిడ గడియారం చూసుకుంటూ. "వేరు చేసిన ఊళ్ళు చాలా చూశాను. మళ్ళీ కలిపిన ఊరు ఇదే. ఆ ద్రవంలో ఏమేం ఉన్నాయో పూర్తి వివరాలు పంపండి. రాష్ట్రమంతా అమలు చేద్దాం."

కారు వెళ్ళిపోయింది. పక్షోత్సవం ఆ రోజుతోనే ముగిసినట్టు భానోజీ ప్రకటించాడు. పోతురాజు నాలుగు గ్లాసులూ ఒకదాంట్లో పోసి, ఊరందరికీ తిరగ్గొట్టి ఇచ్చాడు. పరాంకుశంగారు కూడా తాగారు. రెండు తాగారు.

వివరాలు పంపే పని భానోజీ మీద పడింది. మర్నాడు వచ్చి పేరంటాలునీ, తొట్టినీ, రంభనీ చూసి, ఒక్కటి వదలకుండా రాసుకుపోయాడు. చెప్పాను కదా, మంచివాడు. నెల తిరక్కుండా రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. పాళ్ళు ఖాయమయ్యాయి కాబట్టి కుడితి ఇకమీదట మిశ్రమం కాదట, సంయోగ పదార్థమట. అనుమతి అక్కర్లేదు గాని, పాళ్ళు తప్పకూడదు. తవుడు రెండు శేర్లు, తెలకపిండి ఒక శేరు, గంజి ఒక బిందె, బెల్లం అచ్చు ఒకటి, చీటీలు నాలుగు రంగులవి, శాలువా అంచు జానెడు, పదార్థ పరిజ్ఞానముపై ఉపన్యాసము ఒకటి, పూర్తిగా. ఉపన్యాసం నకళ్ళు అచ్చేయించి కట్టలు కట్టలుగా పంచాయితీకి పంపారు. గేదె ఉన్న ఇంటికల్లా భానోజీ పంచిపెట్టాడు.

అమలు ఎలా ఉందో చూడ్డానికి పరాంకుశంగారే ఒకసారి వచ్చారు. తొట్టి పక్కన ఉపన్యాసాల కట్ట ఇంకా చాలావరకు అలాగే ఉండడం చూసి ఆయన మొహం చిన్నబోయింది.

"ఏమమ్మా, ఉపన్యాసమును నిర్దిష్ట నిష్పత్తిలో కలుపుట లేదా?"

"కలుపుతన్నానండి, ఆయ్, ఎందుక్కలపనూ" అంది పేరంటాలు పొదుగు నిమురుతూ. "కాకపోతే పూటకొక్క కాయితమేనండి. రెండోది ఎయ్యగానే రంభ తొట్టి దగ్గరే నిద్దరోతందండి, ఇంక పాలెవరిత్తారు?"